టీకా మచ్చ నుంచి తొలి మాట దాకా: మన గంజాంలో పసిపిల్లల పరీక్షల చరిత్ర



ఈసారి వ్యాసం కాస్త పొడుగు. ఆదివారం భోజనాలయ్యాక తీరిగ్గా చదువుకోండి. ఇంట్లో ఆరేళ్ల లోపు మనవలున్నవాళ్లు మాత్రం వాయిదా వేయకుండా ఈ రోజే చదవండి.

విషయం ఇది. మన వీధుల్లోని అంగన్‌వాడీలకు, సర్కారు బడులకు పిల్లల్ని పరీక్ష చేసే డాక్టర్ల బండి వస్తుంది. ఆ రోజున మన తెలుగు ఇళ్లలో కొందరు పిల్లల్ని పంపరు. "మా వాడికి ఏం రోగమని?" అంటారు ఒకరు. "వాళ్లు ఒరియాలో ఏం అడుగుతారో, మనం ఏం చెబుతామో" అంటారు ఇంకొకరు. "మాట రాలేదని వాళ్లు కాగితం మీద రాసుకుపోతే రేపు ఊరంతా చెప్పుకోరూ?" అంటారు మరొకరు. ఈ మూడో మాట అనేది ఎక్కువగా తాతలూ మామ్మలే, అంటే మా వయసు వాళ్లే. అందుకని ఈ వ్యాసం ముఖ్యంగా మా ఈడు వాళ్లకు.

మేము డాక్టర్లం కాము. ఉద్యోగమంతా రైల్వే ఆఫీసులో లెడ్జర్లు రాసి రిటైరయినవాళ్లం. నాన్నగారి రైల్వే ఉద్యోగం వల్ల మా చదువు తమిళ మీడియంలో సాగింది. తెలుగు అక్షరాలు అమ్మ దగ్గర దిద్దుకున్నవే. కాబట్టి భాషలో ఎక్కడైనా అరవ యాస తగిలితే పెద్ద మనసుతో సర్దుకోండి. మేము చెప్పదలిచింది ఒక్కటే. ఈ పరీక్షలు నిన్నో మొన్నో ఎవరో పనిలేక పెట్టినవి కావు. వీటి వెనక రెండు వందల ఏళ్ల కథ ఉంది. ఆ కథలో పాత గంజాం జిల్లాలో పుట్టిన మన తెలుగాయన ఒకరి పేరు చాలా పెద్దది.

జ్వరం తరిమిన కచేరీ

మన జిల్లాకు పేరిచ్చిన గంజాం ఊరు ఋషికుల్య నది సముద్రంలో కలిసే చోట ఉంది. ఒకప్పుడు జిల్లా ముఖ్యపట్టణం అదే. 1815లో అక్కడ విషజ్వరం లేచి జనాన్ని తుడిచిపెట్టింది. దొరల కచేరీలు ఆ ఊరు విడిచి లేచిపోయాయి. తర్వాత్తర్వాత ఛత్రపురం జిల్లా కేంద్రమై, నేటికీ అలాగే ఉంది. అంటే మన జిల్లా పటమే ఒక రోగం వల్ల మారింది.

ఆ రోజుల్లో ప్రభుత్వం ఆరోగ్యం గురించి పట్టించుకున్నది రెండు చోట్లే. ఒకటి పటాలం, రెండు జైలు. ఉత్తర సర్కార్లలో, అంటే గంజాం నుంచి మచిలీపట్నం దాకా ఉన్న తీరంలో, బెరిబెరి అనే జబ్బు సిపాయిల కాళ్లు పడగొట్టేది. దాని మీద మాల్కమ్‌సన్ అనే డాక్టరు రాసిన పుస్తకం 1835లో మద్రాసులో అచ్చయింది. ఎక్కువ పాలిష్ పట్టిన బియ్యం తినడం వల్ల బి1 విటమిన్ అందక ఆ జబ్బు వస్తుందని తేలడానికి ఇంకా ఎన్నో దశాబ్దాలు పట్టింది. అలాంటి తల్లి పాలు తాగిన చంటిపిల్లలకూ ఆ జబ్బు వస్తుందని అప్పుడు ఎవరికీ తెలియదు. చంటిపిల్ల చచ్చిపోతే లెక్క రాసేవాడే లేడు. పుట్టినవాళ్ల పట్టీ సరిగా లేనిచోట పోయినవాళ్ల పట్టీ ఎక్కడినుంచి వస్తుంది?

పిల్లల ఒంటి మీద సర్కారు మొదట చెయ్యి వేసింది మశూచి టీకాతో. ఇంగ్లండులో జెన్నర్ 1796లో ఆవుమశూచి టీకా కనిపెట్టాడు. 1802 జూన్ 14న బొంబాయిలో మూడేళ్ల పాపకు వేసిన టీకా మన దేశంలో మొదటిది. అప్పట్లో ఐసుపెట్టెలు, సీసాలు లేవు. టీకా పొక్కిన ఒక పిల్ల చేతి నుంచి రసి తీసి ఇంకో పిల్ల చేతికి ఎక్కించేవారు. బండి మారే ప్రయాణికుడిలా టీకా ఒక చేతి నుంచి ఇంకో చేతికి ఊరూరా తిరిగింది.

మన జనం ఊరుకున్నారా? లేదు. మశూచి అంటే మనకు జబ్బు కాదు, అమ్మవారు. ఇంటికి వేపమండలు కట్టి, చల్ల పోసి, అమ్మను శాంతింపజేయడమే వైద్యం. బరంపురంలో రెండేళ్లకొకసారి బుఢీ ఠాకురాణి యాత్ర ఇప్పటికీ ఎంత ఘనంగా జరుగుతుందో మనందరికీ తెలుసు. అమ్మవారి మీద భక్తి ఉన్న ఊరికి కత్తి పట్టుకుని టీకా మనిషి వస్తే తల్లులు పిల్లల్ని గాదెల వెనక దాచారు. ఆ దాచడాన్ని మేము తప్పుపట్టడం లేదు. తెలియని చెయ్యి పిల్ల మీద పడితే తల్లి భయపడుతుంది. కానీ ఫలితం చూడండి. యాత్ర ఆగలేదు, భక్తి తగ్గలేదు, మశూచి మాత్రం పోయింది. 1975 తర్వాత మన దేశంలో మశూచి లేదు. 1980లో ప్రపంచమంతటా పోయిందని ప్రకటించారు. మా ఈడు వాళ్ల చేతి మీద ఉన్న గుండ్రటి మచ్చలు దానికి రసీదులు.

సరిహద్దు మారింది, పిల్లలు మిగిలారు

1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడింది. అంతవరకు మద్రాసు ప్రెసిడెన్సీలో ఉన్న గంజాం రెండు ముక్కలయింది. బరంపురం, ఛత్రపురం ఇటు వచ్చాయి. చికాకోలు, టెక్కలి, సోంపేట విశాఖపట్నం జిల్లాలో కలిశాయి. మనం ఎక్కడివాళ్లం అక్కడే ఉన్నాం, సర్కారు మారింది. ఆ సంగతి మన సంఘంలో చాలాసార్లు చెప్పుకున్నదే. ఆసుపత్రి వైపు నుంచి చూస్తే ఎలా ఉండేదో మాత్రం ఎప్పుడూ చెప్పుకోలేదు.

బరంపురంలో బాప్టిస్టు మిషన్ వారి స్త్రీల, పిల్లల ఆసుపత్రి ఉండేది. పెద్ద కేసు అయితే రైలెక్కి వాల్తేరు పోవాలి, కింగ్ జార్జ్ ఆసుపత్రికి. 1923లో మొదలైన విశాఖ మెడికల్ కాలేజీకి అనుబంధం అది. లేదా అటు కటకం పోవాలి. మన ఊళ్లో మెడికల్ కాలేజీ వచ్చింది 1962లో. పర్లాకిమిడి మహారాజు కృష్ణచంద్ర గజపతి గారి పేరు పెట్టుకున్న ఎం.కె.సి.జి. అదే. ఒరిస్సాలో అది మూడో వైద్య కళాశాల.

జబ్బు చేశాక వైద్యం ఒక సంగతి. జబ్బు లేదనిపించే పిల్లని కూడా పిలిచి పరీక్షించడం వేరే సంగతి. ఈ రెండో ఆలోచన మన దేశంలో 1909లో బరోడా పట్నంలో మొదలైంది. అక్కడ బడిపిల్లలకు మొదటిసారి వైద్య పరీక్ష చేశారు. 1946లో భోర్ కమిటీ దేశమంతా చూసి, బడిపిల్లల ఆరోగ్య సేవలు దాదాపు లేనట్టేనని రాసింది. 1948లో క్షయకు బి.సి.జి. టీకా ప్రయత్నం మన తెలుగు ఊరు మదనపల్లెలో ఆరంభమయింది. 1960లో రేణుకా రే గారి అధ్యక్షతన బడి ఆరోగ్య కమిటీ వేశారు, మరుసటేడు నివేదిక వచ్చింది. నివేదికలు బీరువాల్లో పడుకోవడం మాకు తెలియనిదా? ఆఫీసులో మేము చూడనిదా? అయినా ఏదో ఒక రూపంలో బడికి డాక్టరు రావడం మొదలైంది.

వెనక బెంచీ

మేము చదివిన తమిళ బడిలో ఏడాదికోసారి డాక్టరుగారు వచ్చేవారు. నాలుక చాపమనేవారు, కనురెప్ప కిందికి లాగి చూసేవారు, పళ్లు చూసేవారు, తూకం రాసేవారు. కామరాజ్ గారి కాలంలో 1956 నుంచి విస్తరించిన మధ్యాహ్న భోజనం అక్కడ ఉండేది కాబట్టి పిల్లలు ఒళ్లు చేశారా లేదా అని చూసేవారు. ఒంటి పరీక్ష అక్కడితో సరి. వినికిడి ఎలా ఉంది, మాట ఎలా ఉంది, అక్షరాలు ఎందుకు తిరగబడుతున్నాయి అని అడిగినవారు లేరు.

ప్రతి తరగతిలోనూ వెనక బెంచీ ఒకటి ఉండేది. మాట స్పష్టంగా రానివాడు, పిలిస్తే పలకనివాడు, అయిదో తరగతికొచ్చినా కూడబలుక్కుని కూడా చదవలేనివాడు అక్కడ కూర్చునేవారు. తమిళంలో వాళ్లను మక్కు అనేవారు. తెలుగులో మొద్దు అంటాం. ఇక్కడికొస్తే ఒరియాలో బొకా అంటారు. మూడు భాషల్లోనూ తిట్టుంది. ఏ భాషలోనూ మందు లేదు. వాళ్లలో ఒకడికి చెవుడు ఉండి ఉండొచ్చు. ఒకడికి చూపు లేకపోయి ఉండొచ్చు. ఒకడికి చదువు నేర్చుకోవడంలోనే ప్రత్యేకమైన లోపం ఉండి ఉండొచ్చు. మాస్టారికి అవన్నీ ఒకే బెంచీ.

పుస్తకాల్లో మాత్రం విద్య ముందుకు పోతూనే ఉంది. ఒరిస్సా, గంజాంలను కరువు కబళించిన 1866లోనే లండన్‌లో లాంగ్డన్ డౌన్ అనే డాక్టరు, ఒక రకం బుద్ధిమాంద్యం ఉన్న పిల్లల రూపురేఖలు గుర్తుపట్టి రాశాడు. ఇవాళ డౌన్ సిండ్రోమ్ అంటున్నది అదే. 1943లో కానర్ ఆటిజం లక్షణాలు వివరించాడు. 1960ల్లో అమెరికాలో గత్రీ అనే ఆయన, పుట్టిన పిల్ల మడమ నుంచి ఒక్క చుక్క రక్తం కాగితం మీద తీసి, రాబోయే బుద్ధిమాంద్యాన్ని ముందే పట్టుకోవచ్చని చూపించాడు. ఆ పిల్లకు వెంటనే తగిన ఆహారం మొదలుపెడితే మెదడు చెడదు. రోగం కనబడక ముందే దాన్ని వెతుక్కుంటూ పోవడం అనే ఆలోచనకు అది పెద్ద మలుపు.

చికాకోలు కుర్రాడు, కాంగ్రా లోయ, ఉప్పు

ఇప్పుడు మన మనిషి కథ. ఉలిమిరి రామలింగస్వామి గారు 1921లో చికాకోలులో పుట్టారు. నేటి శ్రీకాకుళం. ఆ ఏట అది గంజాం జిల్లా. అంటే సరిహద్దు ఏమన్నా ఆయన పుట్టుకతో గంజాం వారే. విశాఖ మెడికల్ కాలేజీలో చదివి, ఆక్స్‌ఫర్డ్ వెళ్లి, కూనూరు పోషకాహార పరిశోధనశాలలో పనిచేసి, తర్వాత ఢిల్లీ ఎయిమ్స్ చేరారు. దానికి డైరెక్టరు అయ్యారు. ఆపైన భారత వైద్య పరిశోధన మండలికి డైరెక్టర్ జనరల్ అయ్యారు. 2001లో ఢిల్లీలో కన్నుమూశారు. మన సంఘం గోడ మీద వి.వి.గిరి గారి పటం ఉండాలని కోరేవాళ్లం మనం. గిరి గారు బరంపురం బిడ్డ, రాష్ట్రపతి అయ్యారు, ఉండాల్సిందే. పక్కన రామలింగస్వామి గారి పటం కూడా ఉండాలని మా మనవి. ఎందుకో చెబుతాము.

హిమాలయాల అడుగున కాంగ్రా లోయలో ఇంటింటా గొంతు కింద వాపు. గాయిటర్ అంటారు. నేలలో, నీటిలో అయొడిన్ లేకపోవడం కారణం. వాపు పైకి కనబడేది మాత్రమే. గర్భిణికి అయొడిన్ చాలకపోతే కడుపులో ఉన్న బిడ్డ మెదడు సరిగా ఎదగదు. అలా పుట్టిన పిల్లలు కొందరు చెవిటి, మూగ, పొట్టి, మందబుద్ధి అవుతారు. 1956లో రామలింగస్వామి గారు, ఆయన సహచరులు ఆ లోయను మూడు భాగాలు చేశారు. లక్షకు పైగా జనాభా. రెండు భాగాలకు అయొడిన్ కలిపిన ఉప్పు, ఒక భాగానికి మామూలు ఉప్పు పంపారు. ఆరేళ్లు తిరిగేసరికి అయొడిన్ ఉప్పు తిన్నచోట గాయిటర్ సుమారు సగానికి పడిపోయింది. మామూలు ఉప్పు తిన్నచోట అలాగే ఉంది. తర్వాత ఆ మూడో భాగానికీ అయొడిన్ ఉప్పే ఇచ్చారు.

దాని ఆధారంగా 1962లో జాతీయ గాయిటర్ నియంత్రణ కార్యక్రమం వచ్చింది. 1980ల్లో దేశంలో తినే ఉప్పంతా అయొడిన్ ఉప్పే కావాలని నిర్ణయించారు. 2006 మే 17 నుంచి అయొడిన్ లేని ఉప్పును తినడానికి అమ్మకూడదని దేశమంతా నిషేధం అమలయింది. మాలాంటి రైల్వే వాళ్లకు గర్వంగా ఉండే మాట ఒకటుంది. వ్యాగన్ల కేటాయింపులో అయొడిన్ ఉప్పుకు రక్షణ శాఖ సరుకు తర్వాతి ప్రాధాన్యం ఇచ్చారు. పసిపిల్లల బుర్రలను కాపాడే సరుకు మన గూడ్సు బళ్ల మీదే ఊరూరా చేరింది.

ఇందులో మన గంజాంకు ఒక విడ్డూరం ఉంది. మనది ఉప్పు పండే జిల్లా. హుమ్మ దగ్గర ఉప్పుమళ్లు రైలు కిటికీలోంచి కనబడతాయి. అటు నౌపడ కూడా అంతే. సముద్రం ఒడ్డున ఉన్నాం, చేపలు తింటాం, ఉప్పు మనమే పండిస్తాం, మనకు అయొడిన్ కొరత ఏమిటని చాలామంది అనుకుంటారు. సముద్రపు ఉప్పును ఎండబెట్టి తీశాక అందులో అయొడిన్ మిగిలేది ఏమీ లేనంత తక్కువ. దేశంలో ఏ రాష్ట్రమూ ఈ కొరతకు మినహాయింపు కాదని సర్వేలు చెప్పబట్టే అందరికీ ఒకే నియమం పెట్టారు. కాబట్టి గల్లుప్పు రుచే వేరని మళ్లలోంచి నేరుగా బస్తా తెచ్చుకునే ఇళ్లలో గర్భిణి గనక ఉంటే, ఆ రుచిని కొన్నాళ్లు పక్కన పెట్టండి.

ఇంకో తెలుగాయన్నీ ఇక్కడే తలుచుకోవాలి. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికాలో లెడర్లీ సంస్థలో ఉండగా ఆయన బృందం 1940ల్లో ఫోలిక్ ఆమ్లాన్ని తయారు చేసింది. గర్భం దాల్చే ముందు నుంచీ తల్లి దాన్ని తీసుకుంటే బిడ్డకు వెన్నుపాము, మెదడు లోపాలు చాలావరకు రాకుండా ఆపవచ్చని 1991లో ఇంగ్లండు పరిశోధన తేల్చింది. ఏ.ఎన్.ఎం. ఇచ్చే మాత్రలను అటక మీద పడేసే కోడళ్లకు, పడేయమని చెప్పే అత్తలకు ఈ సంగతి తెలియాలి.

తూకం నుంచి అడుగుల దాకా

1975 అక్టోబర్ 2న దేశంలో 33 చోట్ల ఐ.సి.డి.ఎస్. మొదలైంది. అంగన్‌వాడీ అంటే మనకు పప్పు అన్నం, గుడ్డు గుర్తొస్తాయి. అసలు అక్కడున్న గొప్ప వస్తువు తూకం యంత్రం. ఆఫ్రికాలో పనిచేసిన మోర్లీ అనే డాక్టరు పిల్లల బరువును నెలనెలా చుక్కలుగా పెట్టి గీత కలిపే కార్డు తయారుచేశాడు. గీత పైకి పోతే సరే, అడ్డంగా పోతే హెచ్చరిక, కిందికి దిగితే ప్రమాదం. చదువు రాని తల్లికి కూడా అర్థమయ్యే గ్రాఫు. మన మామ్మలు మాత్రం "పిల్లల్ని తూచకూడదు, దిష్టి" అన్నారు. మొదట టీకాకు దాచారు, తర్వాత తూకానికి దాచారు. 2011లో ఒడిశాలో మమతా పథకం వచ్చి, తల్లికిచ్చే సొమ్ము వాయిదాలను టీకాలకు, తూకానికి ముడిపెట్టాక దిష్టి కాస్త తగ్గింది!

ఇంతలో ఒక పెద్ద మార్పు జరిగింది. 2001 ప్రాంతంలో ఒడిశాలో పుట్టిన ప్రతి వెయ్యి మందిలో సుమారు 90 మంది ఏడాది నిండకుండా పోయేవారు. 2020 లెక్కలో అది 36. పోలియో కూడా దేశంలో 2011 జనవరితో ఆగింది. పూర్వం బతకని పిల్లలు ఇప్పుడు బతుకుతున్నారు. నెలలు నిండకుండా పుట్టినవాళ్లు, పుట్టగానే ఏడవనివాళ్లు, పచ్చకామెర్లు ముదిరినవాళ్లు అద్దాల పెట్టెల్లోంచి క్షేమంగా ఇంటికి వస్తున్నారు. అది సంతోషమే. అయితే అలాంటి పిల్లల్లో కొందరికి వినికిడి, చూపు, కదలిక, మాట, బుద్ధి వీటిలో ఇబ్బందులు రావచ్చు. బతికించడంతో పని సగమే అయింది. మిగతా సగం కనిపెట్టుకుని ఉండటం.

చట్టం ఈ సంగతి ముందే చెప్పింది. 1995 వికలాంగుల చట్టం ఏడాదికి ఒకసారైనా పిల్లలందర్నీ పరీక్షించి ప్రమాదంలో ఉన్నవాళ్లను గుర్తించాలంది. 2016 చట్టం వచ్చేసరికి గుర్తించిన వైకల్యాలు 7 నుంచి 21 అయ్యాయి. ఆటిజం, చదువులో ప్రత్యేక లోపం కూడా వాటిలో చేరాయి. అంటే మా వెనక బెంచీకి చట్టంలో పేరు దొరకడానికి ఇన్నేళ్లు పట్టింది.

2013 ఫిబ్రవరిలో రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం మొదలైంది. మన వీధికి వచ్చే బండి అదే. ఇద్దరు ఆయుష్ డాక్టర్లు, ఒక నర్సు లేదా ఏ.ఎన్.ఎం., ఒక ఫార్మసిస్టు ఉంటారు. అంగన్‌వాడీ పిల్లల్ని ఏడాదికి రెండుసార్లు, సర్కారు, ఎయిడెడ్ బడుల పిల్లల్ని ఒకసారి చూస్తారు. పుట్టుకతో వచ్చే లోపాలు, పోషణ లోపాలు, జబ్బులు, ఎదుగుదలలో ఆలస్యాలు అని నాలుగు వర్గాలు, మొత్తం 30 రకాలు. గ్రహణం మొర్రి, వంకర పాదం, గుండె లోపం, చెవుడు, మాట ఆలస్యం, ఆటిజం అన్నీ అందులో ఉన్నాయి. లోపం అనుమానిస్తే జిల్లా స్థాయి సత్వర చికిత్సా కేంద్రానికి పంపుతారు. వైద్యానికి డబ్బు తీసుకోరు.

ఇలాంటి పిల్లలు ఎంతమంది ఉంటారు? దీని మీద మంచి అధ్యయనం ఒకటి 2018లో అచ్చయింది. 2 నుంచి 9 ఏళ్ల పిల్లలను సుమారు నాలుగు వేల మందిని అయిదు చోట్ల ఇల్లిల్లూ తిరిగి చూశారు. ఆ అయిదు చోట్లలో ఒడిశా నుంచి ఢెంకానాల్, తెలుగు నేల నుంచి హైదరాబాద్ ఉన్నాయి. రామలింగస్వామి గారి కాంగ్రా కూడా ఉంది. ఆరేళ్ల లోపు పిల్లల్లో సుమారు 9 శాతం, ఆరు నుంచి తొమ్మిదేళ్ల వారిలో 13 శాతానికి పైగా ఏదో ఒక ఎదుగుదల లోపంతో ఉన్నారని తేలింది. వంద మంది పిల్లలున్న వీధిలో పది మంది అన్నమాట. మన వీధిలో ఒక్కరూ లేరని మనం చెప్పుకుంటున్నామంటే, లేరని కాదు, కనబడనివ్వడం లేదని.

మూడు భాషల ఇల్లు

ఇక్కడే మన తెలుగు ఇళ్ల ప్రత్యేక చిక్కు వస్తుంది. ఇంట్లో తెలుగు, వీధిలో ఒరియా, ప్లేస్కూల్లో ఇంగ్లీషు, టీవీలో హిందీ. రెండున్నరేళ్ల గుంటడికి మాట రాకపోతే మనకు జవాబు సిద్ధంగా ఉంది. "ఇన్ని భాషల మధ్య వాడు తికమక పడుతున్నాడు." దానికి తోడు ఇంకా రెండు. "మగపిల్లాడికి మాట ఆలస్యం." "వాళ్ల మేనమామకీ అయిదో ఏట వచ్చింది."

మొదటి మాట సంగతి తేల్చుకుందాం. రెండు మూడు భాషలు వినడం వల్ల పిల్లలకు మాట లోపం రాదని ఎన్నో దేశాల పరిశోధన చెబుతోంది. ఒక్కో భాషలో మాటలు కొంచెం తక్కువ ఉండొచ్చు, అన్నీ కలిపి లెక్కపెడితే సరిపోతాయి. 'పాణి' అన్నా, 'నీళ్లు' అన్నా, 'వాటర్' అన్నా మాట మాటే. ఇంట్లో తెలుగు, బడిలో తమిళం, ఉద్యోగంలో ఒరియా, ఇంగ్లీషు, హిందీ నెట్టుకొచ్చిన మాకూ భాషలెక్కువై నోరు పడిపోలేదు. మూడు భాషల్లోనూ మాట లేకపోతే అది భాషల తప్పు కాదు. మొదట చెవి పరీక్ష చేయించాలి. మాట ఆపేయమని, ఇంట్లో ఇంగ్లీషే మాట్లాడమని ఎవరన్నా సలహా ఇస్తే వినకండి. మామ్మకు వచ్చిన భాషలోనే మామ్మ కబుర్లు చెప్పాలి.

రెండో చిక్కు, పరీక్షలో అడిగే ప్రశ్నలు. "బిడ్డ వేలితో చూపిస్తాడా, పేరు పిలిస్తే తిరుగుతాడా, ఉత్తుత్తి ఆటలు ఆడతాడా" అని దీదీ ఒరియాలో గబగబా అడుగుతుంది. కొత్తగా శ్రీకాకుళం నుంచి వచ్చిన కోడలు అర్థం కాకపోయినా తలూపుతుంది. అన్నిటికీ 'అవును' పడిపోతుంది. పిల్లాడు పరీక్ష పాసైనట్టు కాగితం మీద ఉంటుంది. ఇది ఎవరి దోషమూ కాదు, కానీ నష్టం పిల్లాడిది.

మూడో చిక్కు, మన పిల్లలు ఎక్కువగా ప్రైవేటు ఇంగ్లీషు మీడియం బడులకు పోవడం. సర్కారు బండి ఆ బడులకు రాదు. తండ్రి సూరత్‌లో మరమగ్గాల మీద, తల్లి పుట్టింట్లో, పిల్ల ఇక్కడా అక్కడా ఉండే ఇళ్లలో ఏ అంగన్‌వాడీ పట్టీలోనూ పేరుండదు. ఫీజు కట్టగలిగిన ఇంటి పిల్లా, పట్టీలో లేని ఇంటి పిల్లా ఇద్దరూ ఒకేలా తప్పిపోతున్నారు.

బండి కదులుతుండగా చూడటం

రైల్వే మనుషులం కాబట్టి మా పద్ధతిలో చెబుతాము. స్టేషన్‌లో ఆగని బండి పోతున్నా స్టేషన్ మాస్టరు జెండా పట్టుకుని బయట నిలబడాలి. అవతలి పక్క ఇంకో మనిషి నిలబడాలి. బండికి ఏమీ కాలేదు, డ్రైవరు ఏమీ అడగలేదు. అయినా చూడాలి. ఎక్కడైనా ఆక్సిల్ వేడెక్కి పొగ వస్తోందా, ఏదన్నా వేలాడుతోందా అని. వేడెక్కిన ఆక్సిల్‌ను ఈ స్టేషన్‌లో పట్టుకుంటే ఒక వ్యాగన్ పక్కకు తీస్తారు. పట్టుకోకపోతే పది స్టేషన్ల అవతల బండి పట్టాలు తప్పుతుంది. చూడటం బండికి అవమానం కాదు. పిల్లల పరీక్ష కూడా ఇంతే. రెండు నెలలకు, ఆరు నెలలకు, ఏడాదికి, ఏడాదిన్నరకు, రెండేళ్లకు ఒక్కో స్టేషన్. ప్రతి స్టేషన్‌లో ఒకరు నిలబడి చూడాలి.

చూడాల్సినవి పెద్ద విద్య కాదు. రెండు నెలలు నిండాక మనిషిని చూసి నవ్వుతుందా. నాలుగు నెలలకు మెడ నిలిచిందా. తొమ్మిది నెలలకు ఆధారం లేకుండా కూర్చుందా. ఏడాదికి పేరు పిలిస్తే తిరుగుతుందా, బబ్బబ్బ, తాతాత అంటుందా. ఏడాదిన్నరకు నడుస్తుందా, కావలసింది వేలితో చూపిస్తుందా. రెండేళ్లకు 'అమ్మా దా', 'పాలు ఇయ్యి' అని రెండు మాటలు కలుపుతుందా. వచ్చిన మాటలు ఏ వయసులోనైనా పోతే మాత్రం ఒక్క రోజూ ఆగకూడదు. తిరువనంతపురంలో ఎం.కె.సి. నాయర్ గారి బృందం 1991లో రెండేళ్ల లోపు పిల్లలకు 17 అంశాల చార్టు ఒకటి తయారుచేసింది. ఒక అంగన్‌వాడీ మనిషి నిమిషాల్లో చూడగలిగినంత సులువు.

ఆలస్యానికి ఖరీదు ఏమిటంటే, పుట్టుకతో థైరాయిడ్ లేని బిడ్డకు మొదటి కొద్ది వారాల్లో మాత్ర మొదలుపెడితే బుద్ధి మామూలుగా ఎదుగుతుంది. ఏడాది ఆగితే పోయింది తిరిగి రాదు. వంకర పాదానికి తొలి వారాల నుంచి కట్లు కడితే చాలావరకు పెద్ద ఆపరేషన్ తప్పుతుంది. పుట్టు చెవుడు ఉన్న బిడ్డకు యంత్రం గానీ, కాక్లియర్ ఇంప్లాంట్ గానీ ఎంత చిన్నప్పుడు పెడితే మాట అంత బాగా వస్తుంది. ఆటిజానికి మాత్ర లేదు, కానీ తొందరగా మొదలుపెట్టిన శిక్షణ వల్ల పిల్ల తన పని తాను చేసుకోగలుగుతుంది. మొక్కై వంగనిది మానై వంగునా అన్న సామెతను మన పెద్దలు పిల్లల్ని కొట్టడానికి వాడారు. అది అసలు పనికొచ్చే చోటు ఇది.

పరీక్ష చేసినంత మాత్రాన అంతా బాగవుతుందని మేము అనడం లేదు. పేరు రాసుకుని పంపిన చోట డాక్టరు లేక, మాట నేర్పే మనిషి లేక తిరిగొచ్చిన ఇళ్లు మన సంఘంలోనే ఉన్నాయి. ఆ కోపం న్యాయమైనదే. కానీ పట్టీలో పేరు లేని పిల్లకోసం ఏ సర్కారూ పోస్టు మంజూరు చేయదు. ఆఫీసు పని తెలిసినవాళ్లం కాబట్టి చెబుతున్నాము. మూలపత్రం లేనిదే ఫైలు కదలదు. ఇంకా దారులు కావాలంటే కటకం దగ్గర ఒలత్‌పూర్‌లో స్వామి వివేకానంద జాతీయ పునరావాస సంస్థ ఉంది. సికింద్రాబాద్‌లో 1984లో మానసిక వికలాంగుల జాతీయ సంస్థ అనే పేరుతో పెట్టిన సంస్థ ఉంది. అక్కడ తెలుగులోనే మాట్లాడొచ్చు. రెండూ మనకు ఒక రాత్రి ప్రయాణం లోపే.

సంఘానికి మా ప్రతిపాదనలు మూడు. పైన చెప్పిన ప్రశ్నలను డాక్టరుకు చూపించి, తెలుగులో పెద్ద అక్షరాలతో ఒక్క కాగితం మీద అచ్చు వేద్దాం. పరీక్ష బండి వచ్చే రోజున ఒరియా బాగా వచ్చిన మన ఆడవాళ్లు ఇద్దరు అంగన్‌వాడీలో కొత్త కోడళ్ల పక్కన కూర్చోవాలి. ప్రైవేటు బడికి పోయే పిల్లలకు ఏడాదికోసారి సంఘం హాల్లో పిల్లల డాక్టరును పిలిపిద్దాం. కార్తీక వనభోజనాలకు ఖర్చుపెట్టే దాంట్లో కొంచెం చాలు.

మామ్మలకు, తాతలకు చివరిగా ఒక మాట. మన పెద్దలు టీకాకు దాచారు, మన తరం తూకానికి దాచింది. ఇప్పుడు మాట రాని పిల్లను దాస్తున్నాం. దాచిన ప్రతిసారీ మనది ప్రేమే. నష్టపోయింది మాత్రం ప్రతిసారీ పిల్లే. ఈసారి చెయ్యి పట్టుకుని మనమే తీసుకువెళదాం.

ఉంటాము. సెలవు.